తప్పు దారిది కాదు, లెక్కది

“మన రోడ్ల మీద డ్రైవరు లేని కారు నడవదు. మన జనానికి క్రమశిక్షణ లేదు కదా!”

ఈ మాట ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. చర్చా పోటీల్లో అంటారు, టీవీలో అంటారు, హోసూరు బస్సులో పక్క సీటాయన కూడా అంటాడు. అన్నాక అందరూ నవ్వి తల ఊపుతారు. ఆవులు అడ్డం వస్తాయి, ఆటోలు ఎదురొస్తాయి, ముసలివాళ్ళు ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటతారు, ఇట్లాంటి చోట ఆ తెలివైన కారు పాపం ఏం చేస్తుంది అని కారు మీద జాలి పడతారు. రోడ్డు దాటే మనిషి మీద జాలి పడినవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

ఆ మాట తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఆ వాదన. తప్పు మన దారిలో లేదు. దారిని వెతికే లెక్కలో ఉంది. ఆ లెక్కను బాగుచెయ్యాలి గానీ, లెక్కకు సరిపోయేలా మనుషుల్ని రోడ్డు మీద నుంచి తీసెయ్యాలనడం న్యాయం కాదు.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. అర్థం కాకుండా తిట్టడం మంచిది కాదు కదా.

డ్రైవరు లేని కారుకు మూడు పనులు ఉంటాయి. చుట్టూ ఏముందో చూడాలి. ఎటు పోవాలో నిర్ణయించుకోవాలి. స్టీరింగు, బ్రేకు కదపాలి. మధ్యలో ఉన్న పనినే పాత్ ప్లానింగ్ అంటారు, అంటే దారిని ఎంచుకోవడం. దానికి వాడే లెక్కల పద్ధతి ఆల్గారిథం. ఇది మన గ్రాఫ్ నోటుబుక్కులో గళ్ళ లాంటిదే. ఒక్కో గడి దాటడానికి కొంత ఖర్చు అని వేస్తారు. ఇక్కడ ఖర్చు అంటే డబ్బు కాదు, ఆ దారి ఎంత దూరం, ఎంత ఆలస్యం, ఎంత ప్రమాదం అనేదానికి వేసే అంకె. మొత్తం ఖర్చు ఎక్కడ తక్కువ వస్తే ఆ దారిలో కారు పోతుంది.

చిన్న ఉదాహరణ చెప్తాను. ఒక ఊళ్ళో బజారు వీధి గుండా పోతే 4 కిలోమీటర్లు, బైపాసు మీద పోతే 6 కిలోమీటర్లు అనుకుందాం. దూరం ఒక్కటే చూస్తే 4 కన్నా 6 ఎక్కువ, కారు బజారు వీధిలోకి దూరుతుంది. అదే సాయంత్రం 4 గంటలకు బడి వదిలే వేళ బజారులో పిల్లలుంటారు కాబట్టి అక్కడ ఒక్కో కిలోమీటరును రెండుగా లెక్కించమని రాశామనుకోండి. ఇప్పుడు బజారు ఖర్చు 4 × 2 = 8, బైపాసు 6. కారు బైపాసు మీదకు పోతుంది. రోడ్డు మారలేదు, కారు మారలేదు. ఒక్క అంకె మారింది. ఆ 2 అనే అంకెను ఎవరు వేశారు? యంత్రం వెయ్యలేదు. ఒక మనిషి వేశాడు. పిల్లలు ముఖ్యం అనుకున్నవాడు 2 వేస్తాడు, అనుకోనివాడు 1 దగ్గరే వదిలేస్తాడు.

అందుకే “యంత్రానికి పక్షపాతం ఉండదు, అది లెక్క మాత్రమే చేస్తుంది” అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. కూడిక, గుణకారం యంత్రానివే. వేటిని కూడాలో చెప్పేది మనుషులు.

ఇప్పుడు ఈ లెక్కలు ఎక్కడ పుట్టాయో చూడండి. 1956లో నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ దుకాణంలో కూర్చుని, రోటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు అతి దగ్గర దారి ఏది అనే లెక్కకు ఇరవై నిమిషాల్లో పద్ధతి కనిపెట్టాడు. 1959లో దాన్ని అచ్చు వేశాడు. కాగితం, పెన్ను కూడా లేకుండా కనిపెట్టానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1968లో పీటర్ హార్ట్, నిల్స్ నిల్సన్, బెర్‌ట్రమ్ రఫాయెల్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో దానికి మెరుగు పెట్టి ఏ-స్టార్ పద్ధతి తెచ్చారు. గమ్యం ఇంకా ఎంత దూరముందో ఒక అంచనా కలుపుకోవడం అందులోని కొత్తదనం. అక్కడ తయారైన షేకీ అనే రోబో కోసం చేసిన పని అది. ఆ రోబో తిరిగిన గదిలో పెట్టెలు, దిమ్మెలు ఉండేవి. అవి నడవవు, పరుగెత్తవు, వెనక్కి తిరిగి చూడవు.

తర్వాత 2004లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ మొహావీ ఎడారిలో డ్రైవరు లేని బండ్లకు పందెం పెట్టింది. ఒక్క బండీ గమ్యం చేరలేదు. అన్నిటికన్నా ఎక్కువ పోయిన బండి 12 కిలోమీటర్లు కూడా దాటలేదు. మరుసటి ఏడాదే స్టాన్‌ఫర్డ్ వాళ్ళ ‘స్టాన్లీ’ 212 కిలోమీటర్లు ఏడు గంటలలోపే పూర్తి చేసి గెలిచింది. ఒక్క ఏడాదిలో అంత మెరుగు! చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. 2007లో ఊరి రోడ్ల పందెం అన్నారు. అదీ మూసేసిన ఒక వైమానిక స్థావరంలో జరిగింది. వేరే కార్లు ఉన్నాయి, కూడళ్ళు ఉన్నాయి, నడిచే మనుషులు లేరు.

గది, ఎడారి, మూసేసిన స్థావరం. పసిబిడ్డగా ఉన్నప్పుడు ఈ శాస్త్రం మనుషులు లేని చోటే నడక నేర్చుకుంది. అందులో తప్పు లేదు, ఏ చదువైనా సులభమైన లెక్కతోనే మొదలవుతుంది. కానీ సులభమైన లెక్క వచ్చింది కాబట్టి కష్టమైన లెక్కను ప్రశ్నపత్రం నుంచి తీసెయ్యండి అని ఏ విద్యార్థి అయినా అడిగితే మన మాస్టార్లు ఏమంటారు?

ఆ కష్టమైన లెక్కను వదిలేస్తే ఏమవుతుందో 2018 మార్చి 18 రాత్రి తెలిసింది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టెంపే ఊళ్ళో ఊబర్ కంపెనీ పరీక్ష కారు, సైకిలు నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్దింది. ఆమె చనిపోయింది. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి విచారణ చేసి 2019లో నివేదిక ఇచ్చింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను కనిపెట్టింది. అంటే కారుకు కనబడింది. కానీ ఆమె ఏమిటో అది తేల్చుకోలేదు. ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి మరేదో వస్తువు అనుకుంది, ఒకసారి సైకిలు అనుకుంది. పేరు మార్చిన ప్రతిసారీ, అంతకుముందు ఆమె ఎటు నడిచిందన్న జ్ఞాపకాన్ని పారేసింది. అందువల్ల ఆమె తన దారిలోకే వస్తోందని అంచనా వెయ్యలేకపోయింది. ఇంకో మాట కూడా నివేదికలో ఉంది. గీతల దగ్గర కాకుండా వేరే చోట రోడ్డు దాటే మనిషి ఉంటాడనే ఆలోచనే ఆ వ్యవస్థలో లేదు.

మన తొమ్మిదో తరగతి సూత్రంతోనే దీన్ని లెక్క కట్టవచ్చు. కారు వేగం గంటకు దాదాపు 70 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 19.4 మీటర్లు. 5.6 సెకన్లలో పోయే దూరం 108 మీటర్లకు పైమాటే. సెకను వర్గానికి 7 మీటర్ల చొప్పున గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి పట్టే దూరం దాదాపు 27 మీటర్లు. 108 ఎక్కడ, 27 ఎక్కడ! ఆమెను మనిషి అని గుర్తుపట్టనవసరం లేదు. ‘ఏదో ఉంది, ఏమిటో తెలియడం లేదు, నిదానిద్దాం’ అని ఒక్క వాక్యం లెక్కలో ఉంటే చాలు. మా అవ్వ చీకట్లో బావి దగ్గరికి పోతూ ఎదురుగా ఏదో కదిలితే చేసే పని అదే. ఏమిటో తెలియకపోతే ఆగుతుంది, అడుగు ముందుకు వెయ్యదు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ కారులో కాపలాగా ఒక మనిషి కూర్చుని ఉంది, ఆమె రోడ్డును వదిలి ఫోను చూస్తోంది. ప్రమాదానికి దగ్గరి కారణం అదేనని మండలి చెప్పింది. కంపెనీ భద్రతా పద్ధతులు చాలలేదని కూడా చెప్పింది. శిక్ష పడింది మాత్రం ఆ ఉద్యోగికే. ఖర్చుల అంకెలు రాసినవాళ్ళు, గీతల బయట మనిషి ఉండడని అనుకున్నవాళ్ళు కోర్టు మెట్లు ఎక్కలేదు.

‘గీతల బయట దాటడం నేరం’ అనే ఆలోచన ఎక్కడిదో తెలుసా? ఇది ప్రకృతి నియమం కాదు. వంద ఏళ్ళ క్రితం దాకా అమెరికా వీధులు అందరివీ. పిల్లలు ఆడేవాళ్ళు, బండ్లవాళ్ళు అమ్మేవాళ్ళు, నడిచేవాళ్ళు నడిచేవాళ్ళు. కార్లు వచ్చి జనం చనిపోతుంటే మొదట అందరూ కార్లనే తప్పుపట్టారు. అప్పుడు కార్ల వ్యాపారులు, కార్ల సంఘాలు కలిసి తప్పును నడిచేవాళ్ళ మీదకు తోసే ప్రచారం చేశాయి. ‘జేవాకర్’ అనే తిట్టుమాటను బాగా వాడకంలోకి తెచ్చాయి. పట్నం నడక తెలియని పల్లెటూరి బైతు అని దాని భావం. 1925లో లాస్ ఏంజెలెస్ నగరం అలాంటి నడకను కట్టడి చేస్తూ నియమం తెచ్చింది, మిగతా ఊళ్ళు అదే బాట పట్టాయి. అట్లా రోడ్డు చేతులు మారింది.

ఇప్పుడు రెండోసారి అదే పాట మొదలైంది. కృత్రిమ మేధ రంగంలో పెద్ద పేరున్న ఆండ్రూ ఎన్‌జీ గారు 2018లో, డ్రైవరు లేని కార్లు రావాలంటే జనం కూడా చట్టం ప్రకారం, పద్ధతిగా నడుచుకోవాలని వాళ్ళకు చెప్పాలి అనే అర్థంలో మాట్లాడారు. ఆయన గొప్ప గురువు, ఆయన పాఠాలు నేనూ విన్నాను. అయినా ఈ మాట ఒప్పుకోలేను. చెప్పులు కరుస్తుంటే చెప్పును సరిచేస్తాం గానీ కాలు కోసుకుంటామా?

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదనలో బలమైన మాట ఒకటుంది. దాన్ని దాచిపెట్టి గెలవడం నాకు ఇష్టం లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. పదిమందిలో ఏడుగురి చావుకు మితిమీరిన వేగమే కారణం. ఇవన్నీ మనుషులు నడిపిన బండ్లే. యంత్రం తాగదు, కునుకు తియ్యదు, కోపంతో ఓవర్‌టేకు చెయ్యదు. మా నాయన లారీ డ్రైవరు. టమోటా లోడుతో రాత్రంతా నడిపి తెల్లారి మార్కెట్టు చేరాలి. ఆయన ఇంటికి వచ్చేదాకా మా అమ్మకు నిద్ర పట్టదు. నిద్రపోని యంత్రం ఆయన పక్కన సాయంగా ఉంటే వద్దంటానా? 2023 డిసెంబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు, లక్షల మంది డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనని అన్నారు. మా ఇంట్లో ఆ మాటకు సంతోషించాం. అయినా ఈ సాంకేతికత ఏదో ఒక రూపంలో వస్తుంది. లారీల్లో, కార్లలో తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాట్లుగా ఇప్పటికే వస్తోంది.

కాబట్టి నేను యంత్రానికి శత్రువును కాను. ఆ 1,68,491 మందిలో 32,825 మంది నడిచి పోతున్నవాళ్ళు, ఐదుగురిలో దాదాపు ఒకరు. యంత్రం వచ్చి కాపాడవలసింది మొట్టమొదట వీళ్ళనే. వీళ్ళను అడ్డం అనుకునే లెక్కతో వచ్చి వీళ్ళను ఎట్లా కాపాడుతుంది?

“సరే, మనిషి కనిపిస్తే ఆగిపొమ్మని రాస్తే పోలేదా?” అని మా తరగతిలో ఒక స్నేహితుడు అడిగాడు. మంచి ప్రశ్న. అంత సులువు కాదు. 2010లో పీటర్ ట్రాట్‌మన్, ఆండ్రియాస్ క్రౌజ్ అనే పరిశోధకులు దీని మీదే రాశారు. గుంపులో ప్రతి మనిషీ ఎటైనా కదలవచ్చు అని రోబో భయపడితే, దానికి ఏ దారీ సురక్షితంగా కనబడదు. ఉన్నచోటే బిగుసుకుపోతుంది. సంత రోజు మా బజారులో అట్లాంటి కారు పెడితే పొద్దున ఆగింది సాయంత్రానికీ కదలదు. వాళ్ళు చూపించిన మందు ఏమిటంటే, ఎదుటి మనిషి కూడా నన్ను చూసి సర్దుకుంటాడు అనే సంగతిని లెక్కలో కలుపుకోవడం. నా దారి ఒక్కటీ విడిగా కాదు, మన ఇద్దరి దారులూ కలిపి ఆలోచించడం.

మన రోడ్డు మీద రోజూ జరిగేది అదే కదా! పూలబుట్ట నెత్తిన పెట్టుకున్న అమ్మ చెయ్యి చాపి ఒక అడుగు వేస్తుంది. లారీ కొంచెం నిదానిస్తుంది. ఆమె ఇంకో అడుగు వేస్తుంది. డ్రైవరు తల ఊపుతాడు. ఆమె దాటుతుంది. దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అంటున్నారు. నేను దీన్ని సంభాషణ అంటాను. ఇందులో ప్రమాదం లేదని అనను, ఉంది. కానీ దాటడానికి వంతెన కట్టని చోట జనం తమకు తాము కట్టుకున్న వంతెన అది. ఆ భాష నేర్చుకోని కారుకు మన రోడ్డు గందరగోళంగా కనబడుతుంది. మనకు రాని భాష మనకు గోలగానే వినిపిస్తుంది. ఆ మాట తెలుగు బడి పిల్లలకు వేరే చెప్పాలా?

ఇంకో పాఠం మా ప్రాంతపు అడవి నేర్పుతుంది. చలికాలం వస్తే సానమావు అడవిలోకి ఏనుగుల గుంపులు వస్తాయి. హోసూరు, కృష్ణగిరి మధ్య పెద్ద రోడ్డును దాటతాయి. అటవీ శాఖవాళ్ళు రెండు వైపులా బండ్లు ఆపి, అవి దాటాక వదులుతారు. ఇప్పుడున్న లెక్క ప్రకారం ఒక ఏనుగు ఒక అడ్డం, దాని వెనక ఏనుగు ఇంకో అడ్డం, మధ్యలో పది మీటర్ల ఖాళీ ఉంటే అది దారి. మా ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, తల్లి ఏనుగుకూ గున్నకూ మధ్య ఖాళీ దారి కాదని. రోడ్డుకు ఇటు బిడ్డ, అటు తల్లి నిలబడి ఉంటే ఆ ఇద్దరి మధ్య ఖాళీ కూడా దారి కాదు. బిడ్డ పరుగెత్తుతుంది. వస్తువులను చూడటం చాలదు, వాటి మధ్య ఉన్న బంధాన్ని కూడా లెక్కలోకి తేవాలి.

ఇది కుదరని పని కాదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వాళ్ళు హైదరాబాదు, బెంగళూరు రోడ్ల మీద, ఆ ఊళ్ళ శివార్లలో కెమెరాలతో తిరిగి సుమారు 10,000 చిత్రాలు సేకరించారు. ఆటోలు, జంతువులు, సరిగా అంచులు లేని రోడ్లు, అన్నిటినీ 34 రకాలుగా గుర్తులు పెట్టి పరిశోధకులకు ఇచ్చారు. అంటే మన రోడ్డును చీదరించుకోకుండా చదువుదాం అన్నారు. చూడటంలో వేసిన ఆ అడుగును దారి ఎంచుకోవడంలో కూడా వెయ్యాలి.

కాబట్టి దారి వెతికే లెక్కను మెరుగు చేశామని ఎవరైనా వస్తే, ఎన్ని నిమిషాలు మిగిలాయని అడగకండి. ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఏమిటో తెలియని వస్తువు ఎదురైతే మీ కారు నిదానిస్తుందా, లేక పేరు తేలేదాకా అదే వేగంతో పోతుందా? ఎదుటి మనిషి కూడా సర్దుకుంటాడని, మనిషికీ మనిషికీ మధ్య బంధం ఉంటుందని మీ లెక్కకు తెలుసా? ఆలస్యానికి ఎంత ఖర్చు వేశారు, నడిచే మనిషికి ఎంత ఖర్చు వేశారు, ఆ అంకెలు అందరూ చూసేలా బయట పెడతారా? మూడో ప్రశ్నకు జవాబు చెప్పనివాళ్ళను పరీక్షకు కూడా రోడ్డు ఎక్కనివ్వకూడదు. బస్సు టికెట్టు ధర అందరికీ తెలిసేలా రాసి పెడతారు. మన ప్రాణానికి వేసిన అంకెను దాచిపెట్టడం ఏం న్యాయం?

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. గ్రాఫులు చెప్పేటప్పుడు ఈ గళ్ళ లెక్క కూడా చెప్పండి. కంప్యూటరు అక్కరలేదు, సుద్దముక్క చాలు. బడి గేటు లోపల నిలబడి అరగంటలో ఎంతమంది రోడ్డు దాటారు, ఎంతమందికి బండి నిదానించింది, ఎంతమంది వెనక్కి తగ్గారు అని మాతో లెక్క రాయించండి. మన రోడ్డు గురించి మనమే రాసుకోకపోతే ఎడారిలో నేర్చిన లెక్కే మనకూ గతి అవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు ఇంజనీర్లు కావాలని కోరుకుంటున్నారు, మంచిది. ఆ ఖర్చు అంకెలు వేసే కుర్చీలో రేపు వాళ్ళే కూర్చోవచ్చు. పూలబుట్టతో రోడ్డు దాటిన అమ్మను అక్కడ కూర్చున్నాక మరిచిపోవద్దని ఇప్పుడే చెప్పండి.

తోటి విద్యార్థులారా, ఈసారి చర్చా పోటీలో ఎవరైనా లేచి మన జనానికి క్రమశిక్షణ లేదు అంటే చప్పట్లు కొట్టకండి. మీ లెక్కలో మా జనం ఉన్నారా అని అడగండి.